నాగండ్ల కుర్రవాడు

పిల్లలూ! సాయంకాలం బడి గంట కొట్టగానే మీరేం చేస్తారు? పుస్తకాల సంచీ ఒక మూల పడవేసి ఆటస్థలానికి పరుగు తీస్తారు, అంతేనా? గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఆటస్థలమంటే చాలామందికి గుర్తుకు వచ్చేది రెండు గుంజలూ, వాటి మధ్య బిగించిన నెట్టూ. ఒక్కొక్క పక్క అయిదుగురు చొప్పున నిలబడి, పసుపుపచ్చని ఉన్ని బంతిని అటూ ఇటూ కొడుతూ వుంటారు. అదే బాల్ బ్యాడ్మింటన్. మీ నాన్నగారో, తాతగారో కూడా చిన్నప్పుడు ఈ ఆట ఆడే వుంటారు. అడిగి చూడండి.

దీనికి దగ్గర చుట్టం ఒకటున్నది. అది షటిల్ బ్యాడ్మింటన్. దానిలో ఉన్ని బంతికి బదులు ఈకల షటిల్ వుంటుంది. బిరడా ముక్కకు పదహారు ఈకలు గుండ్రంగా గుచ్చి షటిల్ తయారుచేస్తారు. ఉన్ని బంతి బరువు 27 నుంచి 30 గ్రాములు. షటిల్ బరువు అయిదు గ్రాములు మాత్రమే. అందుచేత పైరగాలి వీచే ఆరుబయట ఉన్ని బంతి చెప్పినట్టు వింటుంది గాని, షటిల్ వినదు. దానికి నాలుగు గోడలూ, ఎత్తైన కప్పూ కావాలి.

ఈ షటిల్‌లో ఒక విచిత్రం వుంది. బ్యాటు దెబ్బకు అది బయలుదేరే వేగం ఇంతా అంతా కాదు. మన అమలాపురం యువకుడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ కొట్టిన ఒక దెబ్బకు అది గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బయలుదేరినట్టు 2023లో కొలిచారు. అది ప్రపంచ రికార్డు. రైలుబండి కంటే ఎన్నో రెట్లు వేగమన్నమాట! అయితే బయలుదేరిన రెప్పపాటులోనే ఆ వేగం తగ్గిపోతుంది. గొడుగులా విచ్చుకున్న ఆ ఈకలను గాలి పట్టి వెనక్కు లాగుతుంది. అందుకే అంత వేగంగా వచ్చే షటిల్‌ను కూడా అవతలివాడు తిరిగి కొట్టగలుగుతాడు. కాని అలా కొట్టాలంటే కంటికీ, చేతికీ, అన్నిటికంటె ముఖ్యంగా కాలికీ చురుకుదనం వుండాలి. ఒక్క అడుగు ఆలస్యమైతే షటిల్ నేలను తాకుతుంది.

మరి, కాలే మొరాయిస్తే? మోకాలే తెగిపోతే? అటువంటి ఆటగాడు ప్రపంచాన్ని గెలవగలడా? గెలిచాడు! అతను మన నల్లరేగడి నేలలో పుట్టినవాడే. అతని పేరు పుల్లెల గోపీచంద్.

ఇంకొల్లు దగ్గర నాగండ్ల అనే ఊరున్నది. పత్తీ, మిరపా, శనగా పండే సీమ అది. వేసవిలో ఆ నేల బెత్తెడేసి నెర్రెలు విచ్చుతుంది. నాలుగు వానలు పడగానే మళ్ళీ అతుక్కుని ఏకమైపోతుంది. 1973 నవంబరు 16వ తేదీన గోపీచంద్ ఆ ఊళ్ళో పుట్టాడు. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడి మూడేళ్ళే అయింది. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి 1970లో ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో జిల్లాలను మళ్ళీ విడదీసినప్పుడు ఇంకొల్లు ప్రాంతం బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలకుండానే జిల్లా మారింది!

గోపీచంద్ తండ్రి పేరు సుభాష్ చంద్ర, తల్లి పేరు సుబ్బరావమ్మ. తండ్రిగారిది బ్యాంకు ఉద్యోగం. బ్యాంకు ఉద్యోగమంటే బదిలీలు తప్పవు గదా! ఆ కుటుంబం చివరకు హైదరాబాదు చేరింది.

అందరు పిల్లల్లాగే గోపీచంద్‌కు కూడా మొదట క్రికెట్ అంటేనే సరదా. కాని అతని అన్న రాజశేఖర్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. తమ్ముణ్ణి కూడా ఆ ఆటలోకి దింపినవాడు ఆ అన్నే. పదేళ్ళు వచ్చేసరికి గోపీచంద్ ఆట చూసి బళ్ళో అందరూ చెప్పుకోసాగారు. తరువాత ఎస్. ఎం. ఆరిఫ్ అనే పేరుగాంచిన గురువు దగ్గర అతను హైదరాబాదులో శిక్షణ పొందాడు.

అన్నదమ్ములిద్దరూ చదువుకుంటూ ఆడుతూ వచ్చారు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలు వచ్చాయి. అన్న ఐ.ఐ.టి.లో సీటు సంపాదించాడు. తమ్ముడు పరీక్ష తప్పాడు. ఈ సంగతి గోపీచంద్ దాచుకోడు. తాను చదువులో వెనకబడటం తన అదృష్టమని నవ్వుతూ సభల్లో చెబుతూ వుంటాడు. అలా అని పుస్తకాలు మూలపెట్టమని దీని అర్థం కాదు సుమా! అతను కాలేజీలో చేరి బి.ఏ. పూర్తి చేశాడు. ఒక తలుపు మూసుకుపోయినంత మాత్రాన ఇంటికి ఇంకో తలుపు లేదని అనుకోరాదు, అంతే.

జంటల ఆట

ఇక్కడ కాస్త ఆగి ఆట సంగతి తెలుసుకుందాం. షటిల్ బ్యాడ్మింటన్‌ను రెండు విధాల ఆడతారు. ఒక్కొక్క పక్క ఒక్కరే ఆడితే సింగిల్స్. ఇద్దరేసి ఆడితే డబుల్స్. కోర్టు పొడవు రెండిటికీ 13.40 మీటర్లే. వెడల్పు మాత్రం సింగిల్స్‌కు 5.18 మీటర్లు, డబుల్స్‌కు 6.10 మీటర్లు. చూశారా? మనుషులు రెట్టింపయ్యారు గాని, చోటు మూరెడో రెండు మూరలో పెరిగింది.

అందుచేత డబుల్స్‌లో జతగాళ్ళకు ఒకరి మనసు మరొకరికి తెలిసి వుండాలి. దెబ్బ తీసేటప్పుడు ఒకడు ముందు, ఒకడు వెనక నిలబడతారు. కాచుకునేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు. సరిగ్గా ఇద్దరి మధ్యా షటిల్ వచ్చి పడితే? “నీదేమో!” అని ఇద్దరూ ఊరుకుంటే పాయింటు పోతుంది. “నాదే!” అని ఇద్దరూ ఉరికితే ఢీకొంటారు. ఎవరిదో రెప్పపాటులో తేల్చుకోవాలి. చైనావారు ఇందులో ఆరితేరినవారు. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో వున్న అయిదు బంగారు పతకాలూ చైనాకే వచ్చాయి. ఆ దేశపు ఝావో యున్‌లీ అనే ఆమె ఒక జతగత్తెతో కలిసి స్త్రీల డబుల్స్‌లోనూ, వేరొక జతగాడితో కలిసి మిక్సెడ్ డబుల్స్‌లోనూ రెండు బంగారు పతకాలు తెచ్చుకున్నది. ఇద్దరు వేర్వేరు మనుషుల మనసులు ఒకేసారి తెలుసుకుని ఆడటం ఎంత కష్టమో ఆలోచించండి!

ఇక మన కథలోకి వద్దాం. 1994లో పూనా నగరంలో జాతీయ క్రీడలు జరిగాయి. అప్పటికి గోపీచంద్‌కు ఇరవై ఏళ్ళు. అతను డబుల్స్ ఆడుతున్నాడు. ఆటలో వుండగా అతనూ, అతని జతగాడూ ఢీకొన్నారు. గోపీచంద్ కింద పడిపోయాడు. మళ్ళీ లేచి నిలబడదామంటే కాలు నిలవలేదు. మోకాలి లోపల ఒక కట్టు తెగిపోయింది.

మోకాలి కట్లు

మోకాలి లోపల ఏముంటుందో మీకు తెలుసా? పైన తొడ ఎముక, కింద కాలి ఎముక, ముందు మోకాలి చిప్ప. పైనున్న ఎముక కిందనున్న ఎముక మీద ఊరికే ఆని వుంటుంది. అవి జారిపోకుండా తాళ్ళవంటి గట్టి కట్లు వాటిని పట్టి వుంచుతాయి. వీటిని సంధిబంధనాలు అంటారు. మోకాలి నడుమ రెండు బంధనాలు కత్తెర ఆకారంలో ఒకదానికొకటి అడ్డంగా వుంటాయి. వాటిలో ముందు వున్నది చాలా ముఖ్యమైనది. మనం పరుగెత్తుతూ చటుక్కున ఆగినప్పుడూ, గిరుక్కున తిరిగినప్పుడూ, ఎగిరి నేల మీద దూకినప్పుడూ కింది ఎముక ముందుకు జారిపోకుండా పట్టి ఆపేది అదే.

బ్యాడ్మింటన్ అంటే ఆగటం, తిరగటం, ఎగరటం, దూకటమే గదా! గోపీచంద్‌కు తెగిపోయినది సరిగ్గా ఆ కట్టే.

చేతి ఎముక విరిగితే పిండికట్టు వేస్తారు, కొన్నాళ్ళకు అతుక్కుంటుంది. ఈ బంధనం అలా కాదు. తెగిన తరువాత దానంతట అది అతుక్కోదు. డాక్టర్లు ఆపరేషన్ చేసి, రోగి ఒంట్లోనే మరొకచోట నుంచి కాస్త స్నాయుబంధనం ముక్క తీసి, దానితో కొత్త కట్టు అమరుస్తారు. ఆపరేషన్‌తో పని తీరదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. కాలు కదపక తొడకండ సన్నబడిపోతుంది. మొదట కాలు వంచటం నేర్చుకోవాలి, తరువాత నిలబడటం, తరువాత నడవటం, మెట్లెక్కటం, ఆ తరువాత మెల్లగా పరుగు. ఏడాది పిల్లవాడు నేర్చినదంతా ఇరవై ఏళ్ళవాడు మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. దీనికి నెలల తరబడి ఓర్పు కావాలి. ఈ రోజు నిన్నటికంటె వేలెడు ఎక్కువ వంగితే అదే ఆ రోజు గెలుపు.

గోపీచంద్ మోకాలికి ఒక్కసారి కాదు, మూడుసార్లు ఆపరేషన్లు జరిగాయి. ఇక ఆట మాట మరిచిపోవలసిందే అనుకున్నవారు లేకపోలేదు. అతను మరవలేదు.

అప్పట్లో బెంగుళూరులో ప్రకాశ్ పడుకోనె ఒక శిక్షణాలయం నడుపుతున్నాడు. పడుకోనె సామాన్యుడు కాడు. ఇంగ్లండులో 1899 నుంచీ జరుగుతున్న ఆల్ ఇంగ్లండ్ పోటీని 1980లో గెలిచి, ఆ పని చేసిన మొదటి భారతీయుడనిపించుకున్నాడు. గోపీచంద్ ఆయన దగ్గర చేరాడు. ఆ తరువాత బెంగుళూరులోనే గంగూలీ ప్రసాద్ అనే గురువు దగ్గర సాధన చేశాడు.

1996లో గోపీచంద్ మన దేశపు జాతీయ చాంపియన్ అయ్యాడు. ఆ తరువాత 2000 వరకూ వరసగా అయిదేళ్ళు ఆ పట్టం మరెవ్వరికీ దక్కలేదు. 1998లో కౌలాలంపూరులో జరిగిన కామన్వెల్తు క్రీడల్లో కంచు పతకం వచ్చింది. 1999లో స్కాటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ ఏడాదే భారత ప్రభుత్వం అతనికి అర్జున బహుమతి ఇచ్చింది. మరుసటి సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో మాత్రం ఇండొనేషియా ఆటగాడు హెంద్రవాన్ చేతిలో ఓడిపోయాడు.

బర్మింగ్‌హాంలో ఆరు ఆటలు

2001 మార్చి నెల వచ్చింది. ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరంలో ఆల్ ఇంగ్లండ్ పోటీ మొదలయింది. బ్యాడ్మింటన్‌లో ప్రపంచ పోటీలు 1977లో గాని ప్రారంభం కాలేదు. అంతకు ముందు ఆల్ ఇంగ్లండ్‌లో గెలిచినవాడే ప్రపంచ విజేత అని అందరూ అనుకునేవారు. ఇప్పటికీ దాని గౌరవం దానిదే.

ఆ రోజుల్లో లెక్క ఇప్పటిలా లేదు. ఇప్పుడు ఒక్కొక్క గేము 21 పాయింట్లకు ఆడుతున్నారు. సర్వీసు ఎవరిదైనా సరే, గెలిచినవాడికి పాయింటు వస్తుంది. 2001లో పురుషుల గేము 15 పాయింట్లకు. సర్వీసు చేసినవాడు గెలిస్తేనే పాయింటు. అవతలివాడు గెలిస్తే సర్వీసు మాత్రం అతనికి పోతుంది. అందుచేత ఒక్కొక్క పాయింటుకూ ఎంతోసేపు చెమటోడ్చవలసి వచ్చేది. బలమైన మోకాళ్ళున్నవారే అలసిపోయే ఆట అది!

గోపీచంద్ మొదట సింగపూరు ఆటగాణ్ణి, తరువాత ఇంగ్లండు ఆటగాణ్ణి ఓడించాడు. మూడవ ఆటలో ఎదురుగా చైనాకు చెందిన జీ షిన్‌పెంగ్ నిలబడ్డాడు. ఆరు నెలల క్రితమే సిడ్నీలో ఒలింపిక్ బంగారు పతకం గెలిచినవాడు అతను. గోపీచంద్ అతన్ని ఓడించాడు! తరువాత డెన్మార్కుకు చెందిన ఆండర్స్ బోసెన్‌ను ఓడించాడు.

సెమీఫైనల్‌లో మరొక డెన్మార్కు ఆటగాడు, పీటర్ గేడ్. అప్పట్లో ప్రపంచంలో మొదటి ర్యాంకు అతనిదే. మొదటి గేము 14–14 వరకూ వచ్చింది. అక్కడ నుంచి ఆట 17కు పోయింది. గోపీచంద్ ఆ మూడు పాయింట్లూ తానే గెలిచి 17–14 చేశాడు. రెండవ గేము కూడా అలాగే చివరిదాకా ఊపిరి బిగబట్టించి 17–15తో ముగిసింది.

మార్చి 11, ఆదివారం. ఫైనల్. ఎదుట చైనాకు చెందిన చెన్ హాంగ్. అతను ఎటువంటి ఆటగాడో చెప్పాలంటే ఒక్క మాట చాలు: మరుసటి సంవత్సరం 2002లోనూ, తిరిగి 2005లోనూ ఆల్ ఇంగ్లండ్ గెలిచినవాడు అతనే. అయితే 2001 మాత్రం అతనిది కాలేదు. మొదటి గేము 15–12, రెండవ గేము 15–6. నాగండ్ల కుర్రవాడు గెలిచాడు!

పడుకోనె తరువాత ఇరవై ఒక్క ఏళ్ళకు ఒక భారతీయుడు ఆ కప్పు అందుకున్నాడు. అది కూడా మూడు ఆపరేషన్లు జరిగిన మోకాలితో. మన దేశంలో క్రీడాకారులకిచ్చే అన్నిటికంటె పెద్ద బహుమతి అయిన ఖేల్ రత్న అతనికి లభించింది.

పేరు వచ్చినవారి వెంట వ్యాపారులు పడతారు. ఒక కోలా పానీయం కంపెనీవారు తమ పానీయం గురించి ప్రకటనలో చెప్పమనీ, బోలెడు డబ్బిస్తామనీ గోపీచంద్‌ను అడిగారు. అతను ఒప్పుకోలేదు. అటువంటి పానీయాలు ఒంటికి మంచివి కావని అతను తాగటం ఎప్పుడో మానేశాడు. తాను తాగనిదాన్ని పిల్లలను తాగమని ఎలా చెబుతాడు? అప్పటికి అతనేమీ కోటీశ్వరుడు కాడు. అయినా వద్దన్నాడు. కప్పు గెలవటం ఎంత గొప్పో, ఇదీ అంత గొప్పే.

తాకట్టు పెట్టిన ఇల్లు

ఆటగాడి ఆయుష్షు కొద్ది కాలమే. దెబ్బలు తిన్న మోకాలు ఎన్నాళ్ళని మాట వింటుంది? గోపీచంద్ ర్యాంకు క్రమంగా దిగజారింది. ఆట మానవలసిన రోజు దగ్గరపడింది. అటువంటప్పుడు చాలామంది, “ఇక చాలు, మన పేరు మనకుంది,” అని ఊరుకుంటారు. గోపీచంద్ అలా ఊరుకోలేదు. తనవలె కష్టపడే పిల్లలకు మంచి కోర్టులూ, మంచి శిక్షణా ఒకే చోట దొరకాలని అతని కోరిక.

2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు పక్కన గచ్చిబౌలిలో అయిదెకరాల భూమి కౌలుకిచ్చింది. భూమి వచ్చింది గాని దాని మీద కట్టడానికి డబ్బేదీ? గోపీచంద్ ఎన్నో గడపలెక్కాడు. బ్యాడ్మింటన్‌కు అంత ఖర్చెందుకని అడిగినవారే ఎక్కువ. చివరకు అతను తన ఇల్లు తాకట్టు పెట్టాడు. వ్యాపారవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ అయిదు కోట్ల రూపాయలు విరాళమిచ్చాడు. 2008లో శిక్షణాలయం తలుపులు తెరుచుకున్నాయి. తల్లి సుబ్బరావమ్మగారు అక్కడి వ్యవహారాలు చూడసాగారు. భార్య పి. వి. వి. లక్ష్మి కూడా సామాన్యురాలు కాదు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో మన దేశం తరపున ఆడిన క్రీడాకారిణి.

అక్కడ పాఠాలు కోడి కూతతో మొదలవుతాయి. తెల్లవారుజామున నాలుగున్నరకే కోర్టు మీద దీపాలు వెలిగేవి. పిల్లలకంటె ముందు గురువు అక్కడ వుండేవాడు. పి. వి. సింధు చిన్నప్పుడు రోజూ ఇంటి నుంచి యాభై కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చిపోయేది. అంత దూరం నుంచి వచ్చే పిల్ల ఒక్కరోజు కూడా ఆలస్యం కాకపోతే, దగ్గరున్నవారు ఆలస్యమవడానికి సాకేముంటుంది?

ఫలితం ఎలా వచ్చిందో చూడండి. 2012లో లండన్‌లో సైనా నెహ్వాల్ కంచు పతకం గెలిచింది. బ్యాడ్మింటన్‌లో మన దేశానికి అది మొట్టమొదటి ఒలింపిక్ పతకం. 2016లో రియోలో సింధు వెండి పతకం గెలిచింది. 2019లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఆమె ప్రపంచ విజేత అయింది. ఆ పని చేసిన మొదటి భారతీయురాలు ఆమే. గురువులకిచ్చే ద్రోణాచార్య బహుమతి 2009లోనూ, పద్మభూషణ్ బిరుదం 2014లోనూ గోపీచంద్‌గారికి వచ్చాయి.

ఇక గుంటూరు వారికి ఇష్టమైన సంగతి ఒకటి చెబుతాను. గుంటూరుకు చెందిన కిదంబి శ్రీకాంత్ ఈ శిక్షణాలయంలో చేరినప్పుడు డబుల్స్ ఆడేవాడు. గురువు అతన్ని కనిపెట్టి చూసి, “నువ్వు సింగిల్స్ ఆడు,” అని మార్చివేశాడు. శ్రీకాంత్ 2017లో ఒకే సంవత్సరంలో నాలుగు పెద్ద పోటీలు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచంలో మొదటి ర్యాంకు అందుకున్నాడు. 2022 మే నెలలో భారతదేశం ఇండొనేషియాను ఓడించి మొదటిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు, కప్పు మనదని తేల్చిన ఆఖరి ఆట గెలిచినవాడు కూడా ఈ శ్రీకాంతే. జట్టు పోటీ గనక అందులో సింగిల్స్, డబుల్స్ రెండూ వుంటాయి. ఆ రోజు డబుల్స్ గెలిచింది చిరాగ్ శెట్టీ, మొదట మనం చెప్పుకున్న అమలాపురం సాత్వికూ. ఒక్కరు ఆడేది, ఇద్దరు ఆడేది – అన్నీ కలిస్తేనే కప్పు!

ఇప్పుడు మళ్ళీ పూనా గుర్తు చేసుకోండి. డబుల్స్ ఆడుతూ జతగాణ్ణి ఢీకొని కాలు పోగొట్టుకోబోయిన మనిషి, తన బిడ్డ ఆ డబుల్స్ ఆడతానంటే ఏమనాలి? వద్దనాలి గదా! కాని గోపీచంద్‌గారి కూతురు గాయత్రి డబుల్స్ క్రీడాకారిణే అయింది. కేరళ నుంచి వచ్చిన ట్రీసా జాలీ ఆమె జతగత్తె. ఒకరి ఇంటి భాష తెలుగు, మరొకరిది మలయాళం. కోర్టు మీద ఇద్దరిదీ ఒకటే భాష. 2022లోనూ, 2023లోనూ ఈ అమ్మాయిలిద్దరూ సెమీఫైనల్ దాకా వెళ్ళారు. ఏ పోటీలోనో తెలుసా? ఆల్ ఇంగ్లండ్‌లోనే! బర్మింగ్‌హాంలోనే! తండ్రి ఒంటరిగా గెలిచిన నగరంలో కూతురు జంటగా ఆడింది.

పిల్లలూ! ఒంటరిగా గెలిచాడని ఇప్పుడే అన్నాను. ఆ మాట సరైనదేనా? మరొకసారి ఆలోచించండి. ఆ రోజు కోర్టులో నిలబడినవాడు ఒక్కడే, నిజం. కాని బ్యాటు పట్టించిన అన్న వున్నాడు. సాకిన తల్లిదండ్రులున్నారు. ఆట నేర్పిన గురువులున్నారు. తెగిన కట్టును మళ్ళీ కట్టిన డాక్టర్లున్నారు. నెట్టుకు అవతల చెన్ హాంగ్ ఒక్కడితో ఆడినవాడు, నెట్టుకు ఇవతల ఇంతమందితో జతకట్టి ఆడాడు. ఈ సంగతి తెలుసు గనకనే తన వంతు వచ్చినప్పుడు ఆయన ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఇంకొకరికి జతగాడయ్యాడు.

ఈ సాయంకాలం మీ ఊరి ఆటస్థలంలో ఎవరికైనా మోకాలు గీసుకుపోతే నవ్వకండి. చెయ్యి ఇచ్చి లేవదీయండి. మీ జతగాడు ఒక బంతి తప్పితే కోప్పడకండి. తరువాత బంతి కూడా అతనితోనే కలిసి ఆడాలి గదా. పడినది మీరే అయితే కాసేపు కూర్చుని ఏడవండి, తప్పులేదు. ఆ తరువాత మాత్రం లేచి నిలబడండి. వేసవిలో నెర్రెలిచ్చిన నల్లరేగడి నేల కూడా నాలుగు వానలకు మళ్ళీ ఏకమవుతుందని ఆ పొలాల మధ్య పెరిగే మీకు ఒకరు చెప్పాలా?